ఒక గుండెకు మూడు లెక్కలు

మా నాయన చేను గట్టు మీద కూర్చుండిపోయాడని, గొర్రెలు పక్కవాళ్ల శనక్కాయ చేలో పడ్డాయని కబురు వచ్చినప్పుడు నేను అంగన్‌వాడీలో పిల్లలకు అన్నం పెడుతున్నాను. గొర్రెలు చేలో పడటం మా పల్లెల్లో కొత్తేమీ కాదు. ఆయన కూర్చున్నాడన్న మాటే నాకు నమ్మబుద్ధి కాలేదు.

మా నాయన పేరు బీరప్ప. అప్పటికి డెబ్బై దాటి ఉంటాయి. మాది వజ్రకరూరు పక్కన ఒక పల్లె. తొలకరి వానలు పడగానే ఎక్కడెక్కడి జనమో వచ్చి వజ్రాల కోసం మా చేలల్లో తలలు వంచుకుని తిరుగుతారు. మా నాయన అదే నేల మీద గొర్రెలకు గడ్డి వెతుక్కుంటూ పొద్దున పోయి పొద్దుగూకేటప్పుడు వచ్చేవాడు. అలిసిపోతే కట్టె మీద గడ్డం ఆనించుకుని నిలబడేవాడే కానీ కూర్చునేవాడు కాదు. కూర్చుంటే గొర్రెలకు తెలిసిపోతుందని అనేవాడు.

నేను పోయేసరికి చేను యజమాని అరుస్తున్నాడు. మా నాయన ఆయన మాటలు వింటున్నట్టు లేడు. నోరు తెరిచి గాలి పీలుస్తున్నాడు. నన్ను చూసి, "ఏం ల్యాదమ్మా, ఊపిరి చాలడం లేదు. కాసేపుంటే సరిపోతాది" అన్నాడు. కాళ్లు చూశాను. చెప్పుల వారు నొక్కుకున్నచోట గాడి పడి ఉంది. వేలితో నొక్కితే గుంట పడి, ఎంతసేపటికీ పూడలేదు.

నా తమ్ముడు ఓబులేసు వచ్చి గొర్రెలను మళ్లించాడు. అమ్మ పోయి చాలా ఏళ్లయింది. నా భర్త గుంతకల్లులో రైల్వే గ్యాంగ్‌లో పని చేస్తాడు, సెలవు దొరికితేనే వస్తాడు. కాబట్టి ఆ రోజు నుంచి నాయనను ఆసుపత్రులకు తిప్పింది నేనూ, ఓబులేసూ. ఇది నాలుగైదేళ్ల కిందట, కరువు గట్టిగా ఉన్న రోజుల మాట.

మొదట ఉరవకొండలో ఒక డాక్టరుకు చూపించాం. బీపీ చూసి, "చానా ఉండాది పెద్దాయనా. ఎన్నేండ్ల నుంచి మాత్రలు వాడతాండావు?" అని అడిగాడు. మా నాయన నవ్వాడు. అప్పటిదాకా ఆయన చేతికి ఆ పట్టీ కట్టినవాళ్లే లేరు. ఆ డాక్టరు బీపీ మాత్రలు రాసి, గుండె పరీక్షలు చేయించమని అనంతపురం పంపాడు.

అనంతపురంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఈసీజీ, ఎక్స్‌రే తీశారు. తర్వాత ఎకో అన్నారు. గదిలో చీకటిగా ఉంది. చొక్కా విప్పించి, రొమ్ము మీద చల్లటి జిగురు రాసి, చేతిలో ఇమిడే చిన్న పరికరంతో నొక్కుతూ టీవీ లాంటి దాంట్లో చూశారు. అది మా నాయనకు గిలిగింత పెట్టింది. ఎంతో సేపు పట్టలేదు. చేసినాయన లేస్తూనే, "ఇ.ఎఫ్. అరవై. నార్మల్" అన్నాడు.

ఇ.ఎఫ్. అంటే ఏమిటో నాకు తెలియదు. అరవై అంటే మాత్రం నాకు బడి గుర్తొచ్చింది. అరవై మార్కులు ఫస్ట్ క్లాసు కదా. డాక్టరు కూడా అదే ధోరణిలో చెప్పాడు. "గుండె బ్రహ్మాండంగా ఉంది. బీడీలు తాగి తాగి ఊపిరితిత్తులు పాడు చేసుకున్నాడు. వయసు కూడా అయింది కదమ్మా." పీల్చే మందు ఇచ్చాడు. బీడీ మానేయమన్నాడు.

బీడీ మానేశాడు. అది నిజంగా పెద్ద సంగతి. పీల్చే మందు కూడా చెప్పినట్టే పీల్చాడు. ఆయాసం మాత్రం ఎక్కడికీ పోలేదు. చలికాలానికి మరీ ఎక్కువైంది. పడుకుంటే ఊపిరి అందదని శనక్కాయల మూటకు ఆనుకుని కూర్చునే నిద్రపోయేవాడు. పొద్దున గొర్రెల దొడ్డి దాకా పోయి, తడిక పట్టుకుని నిలబడి, మళ్లీ వచ్చేవాడు. గొర్రెలను ఓబులేసే తోలుకుపోయేవాడు.

మేం మళ్లీ అదే ఆసుపత్రికి పోయాం. "గుండె నార్మల్ అని రిపోర్టు ఉంది కదా" అన్నారు. ఆ కాగితం చూపించిన ప్రతిచోటా అదే మాట. గుండె బాగుందని రాసి ఉన్న కాగితం మా నాయనకు అడ్డంగా నిలబడింది. ఆయనేమో ఎదురుగా కూర్చుని ఎగపోస్తున్నాడు. చూసేవాళ్లు కాగితమే చూస్తున్నారు.

చివరికి మరో ఆసుపత్రిలో ఒక డాక్టరు ఆయన మెడ నరం చూసి, కాళ్లు నొక్కి చూసి, "ఒంట్లో నీరుంది. ముందు అది తీసేద్దాం" అని లాసిక్స్ అనే మాత్ర ఇచ్చాడు. అది వేసుకుంటే గంటలోపే ఒంటికి పోవడం మొదలై, మధ్యాహ్నం దాకా ఆగదు. కానీ గుణం కనిపించింది. వాపు తగ్గింది. మూట లేకుండా పడుకున్నాడు. నెల తర్వాత రమ్మన్నాడు, మళ్లీ ఎకో చేద్దాం అన్నాడు.

ఆ రెండో ఎకో రోజు జరిగింది కాస్త వివరంగా చెప్పాలి. అప్పుడు మాకు అర్థం కాలేదు. ఎందుకలా జరిగిందో తర్వాతే తెలిసింది.

లాసిక్స్ వేసుకుంటే బస్సులో ఇబ్బంది. మా నాయన ముందు ఒకసారి దారిలో బస్సు ఆపమని కండక్టర్‌ను బతిమాలుకుని, అందరి ముందూ దిగి, సిగ్గుతో చచ్చిపోయాడు. అందుకని ఆ పొద్దు మాత్ర వేసుకోలేదు. ముందు రోజు కూడా వేసుకోలేదని తర్వాత చెప్పాడు. బీపీ మాత్ర కూడా దాంతోపాటే మానేశాడు, రెండూ ఒక పొట్లంలో ఉండేవి కాబట్టి. మేం ఎక్కాల్సిన బస్సు వెళ్లిపోయింది. తర్వాతి దాంట్లో నిలబడే పోయాం. టైమ్ దాటిపోతుందని బస్టాండు నుంచి వడివడిగా నడిపించాం. మెట్లెక్కి పోయేసరికి పేరు పిలుస్తున్నారు. అలాగే లోపలికి తీసుకుపోయి పడుకోబెట్టారు.

ఆయన రొమ్ము ఎగిరెగిరి పడటం బయటికే కనబడుతోంది. మెషిన్ దగ్గర కూర్చున్నాయన, "కదలొద్దు తాతా, కదలొద్దు" అంటున్నాడు.

"నేను యాడ కదుల్తాండా అప్పా? అదే కదుల్తాండాది" అన్నాడు మా నాయన.

బయట చాలామంది ఉన్నారు. తొందరగానే అయిపోయింది. ఇ.ఎఫ్. ముప్పై అని రాశారు.

డాక్టరు ఆ రోజు ఒత్తిడిలో ఉన్నాడు. కాగితం చూసి ముఖం మారిపోయింది. మమ్మల్ని పక్కకు పిలిచి, "గుండె ముప్పై శాతమే పని చేస్తోంది. ఈ వయసులో పెద్దగా చేసేదేం ఉండదు. బరువు పనులు మాన్పించండి. చూడాల్సిన వాళ్లుంటే వచ్చి చూసిపొమ్మనండి" అన్నాడు.

ఓబులేసు మమ్మల్ని బస్టాండుకు నడిపించాడు. అక్కడ బెంచీ మీద కూర్చుని, "డెబ్బై పాళ్లు పోయిందంటనే అక్కా" అన్నాడు. నాకూ అలాగే అర్థమైంది. నూటికి ముప్పై మిగిలిందని. మొన్న అరవై, ఇప్పుడు ముప్పై. ఇంకో ఆర్నెల్లకు ఎంత ఉంటుందో ఇద్దరమూ మనసులోనే లెక్క వేసుకున్నాం. మా నాయన అరటిపండు తింటూ, "ఏమంట్రా?" అని అడిగాడు. "మాత్రలు మార్చినారు నాయనా" అన్నాను.

ఆ వారంలోనే గొర్రెలను అమ్మాలని ఓబులేసు తేల్చాడు. నేను వద్దనలేదు. ఎండకు గడ్డి లేదు, బోరు ఎండిపోయింది, ఆసుపత్రికి పోయిన ప్రతిసారీ మంద కాసేవాళ్లు లేరు. అమ్మితే చేతిలో నాలుగు దుడ్లన్నా ఉంటాయి అనుకున్నాం. నాయనకు ఓబులేసే చెప్పాడు.

"నేను బాగయినాంక?" అన్నాడు మా నాయన.

ఓబులేసు నేల చూశాడు. మా నాయన మా ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూశాడు. దానితో ఆయనకు అంతా తెలిసిపోయింది. మళ్లీ అడగలేదు.

లారీ వచ్చిన రోజు ఆయన ఇంట్లోంచి బయటికి రాలేదు. గొర్రెల అరుపులు వీధి చివరిదాకా వినిపించి, ఆగిపోయాయి. ఓబులేసు లోపలికి వచ్చి కాళ్లు కడుక్కుంటుంటే, "ఆ బొల్లిది తనంతకు తాను లారీ ఎక్కదు. దాన్ని ఎత్తి పెట్టాల" అన్నాడు.

"ఎత్తే పెట్టినాము నాయనా."

"ఊఁ" అన్నాడు. గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

ఆ తర్వాత ఆయన మాత్రల మీద నమ్మకం వదిలేశాడు. నేను చేతిలో పెడితే నోట్లో వేసుకునేవాడు, నేను అటు తిరగగానే ఉమ్మేసేవాడు. మంచం కింద ఊడుస్తుంటే దొరికాయి. అడిగితే కోపం చేయలేదు. అలిసిపోయినవాడిలా చెప్పాడు. "ఒకాయన గుండె బాగుండాది అంటాడు. ఒకాయన పోయింది అంటాడు. ఒక గుండెకు రొండు లెక్కలేంది లచ్చుమ్మా? వాళ్లకే తెల్దు. ఊరికే యాల తిరగల్ల?"

నాకూ అదే అనుమానం. అప్పటికి నేనూ బాగా అలిసిపోయి ఉన్నాను. పొద్దునే సంగటి కెలికి, అంగన్‌వాడీకి పోయి, మధ్యలో వచ్చి ఆయన్ను చూసి, మళ్లీ పోయి... ఆసుపత్రి రోజు వచ్చిందంటే టోకెన్, బెంచీ, పేరు కోసం చెవులు రిక్కించుకుని కూర్చోవడం. ఆ బెంచీల మీద కూర్చుని నేను ఏడవలేదు. కళ్లు తెరుచుకునే నిద్రపోయేదాన్ని.

ఒక ఉదయం ఆయనకు పళ్లెంలో సంగటి, ఊరిబిండి పచ్చడి పెట్టి వెనక్కి తిరిగాను. పళ్లెం పడిన చప్పుడైంది. చూస్తే రెండు చేతులూ మంచం పట్టెల మీద ఊని, ముందుకు వంగి, గాలి కోసం కొట్టుకుంటున్నాడు. నోట్లో నురగ వచ్చింది. ఒళ్లంతా చల్లటి చెమట. గొంతులోంచి నీళ్లు మరుగుతున్నట్టు శబ్దం. ఓబులేసు పరుగెత్తి జీపు తెచ్చాడు. దారి పొడవునా ఆయన్ను కూర్చోబెట్టి వీపుకు నా రొమ్ము ఆనించి పట్టుకున్నాను. ఆయన గుండె కొట్టుకోవడం నా ఒంటికి తెలుస్తోంది. అది ఒక పద్ధతిలో లేదు. గబగబా కొట్టుకుంటుంది, తప్పుతుంది, ఒక్కసారి గట్టిగా తంతుంది, మళ్లీ పరుగు. అనంతపురం ఎప్పటికీ రాదేమో అనిపించింది.

అక్కడ ఆక్సిజన్ పెట్టి, సూదులు వేసి నిలబెట్టారు. రెండు రోజుల తర్వాత, "ఇంకా మంచి సౌకర్యం ఉన్నచోటికి తీసుకుపోండి" అని అంబులెన్స్‌లో బెంగళూరు పంపించారు. నా భర్త కూడా సెలవు పెట్టి తోడు వచ్చాడు.

బెంగళూరు ఆసుపత్రిలో మమ్మల్ని చూసింది ఒక పెద్ద డాక్టరమ్మ. తల బాగా నెరిసింది. మా మాట వినగానే, "అనంతపురం వాళ్లా? మాది చిలమత్తూరు దగ్గరే" అంది. ఆ ఒక్క మాటకే మా నాయన ఆమెను దగ్గరి మనిషిలా చూడటం మొదలుపెట్టాడు. మేం రెండు ఎకో రిపోర్టులూ ఆమె ముందు పెట్టాం. ఆమె వాటిని చదివి పక్కన పెట్టేసింది. మా నాయన మణికట్టు పట్టుకుని చాలాసేపు నాడి చూసింది. తర్వాత రొమ్ము మీద స్టెతస్కోప్ పెట్టి, ఇంకో చేత్తో నాడి పట్టుకుని, రెండూ కలిపి చూసింది.

"ఎకో ఇప్పుడే చేస్తారా మేడం?" అని అడిగాను.

"ఇప్పుడు ఎట్లున్నాడో చూసేదానికి కొద్దిగా చూస్తా. గుండె శక్తి ఎంతో చెప్పే కొలత మాత్రం ఇప్పుడు తీయను" అంది. "గుండె ఇప్పుడు పరిగెత్తుతాండాది. పరిగెత్తేవాన్ని నిలబెట్టకుండా ఎత్తు కొలిస్తే సరిగ్గా వస్తాదామ్మా? ముందు దీన్ని నిదానం చేయల్ల."

మా నాయన గుండె లయ తప్పిందని, దాన్ని ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటారని ఆమె చెప్పింది. పెద్దవయసులో ఇది చాలామందికి వస్తుందట. కొందరికి వచ్చిపోతూ కూడా ఉంటుందట. వేగం తగ్గించే మందు, నీరు తీసే మందు, రక్తం గడ్డకట్టకుండా మరో మందు మొదలుపెట్టారు. మూడు నాలుగు రోజులకు ఆయన ముఖం తేటపడింది. నర్సును, "మీ ఊర్లో గొర్రెలు యాడ మేపుతారు తల్లీ?" అని అడిగాడు. ఆమె కేరళ అమ్మాయి. అర్థం కాక నవ్వింది.

అప్పుడు చేశారు ఎకో. డాక్టరమ్మే స్వయంగా కూర్చుంది. ముందు ఆయన్ను కాసేపు ఊరికే పడుకోబెట్టింది. తర్వాత ఎడమ పక్కకు తిప్పి, ఎడమ చేయి తల కింద పెట్టుకోమంది. "అజ్జా, గాలి బయటికి వదిలి అట్లే ఉండు" అనేది. ఆయన ఉండగలిగినంతసేపు ఉండేవాడు. మళ్లీ ఊపిరి తీసుకోనిచ్చేది. మళ్లీ. బీడీలు తాగిన ఊపిరితిత్తులు గాలితో ఉబ్బి గుండెకు అడ్డం వస్తున్నాయట. బొమ్మ సరిగా కనబడటం లేదని పక్కటెముకల మధ్య చోటు మార్చి మార్చి చూసింది. బొమ్మ దొరికాక కూడా ఒక్కసారి కొలిచి వదల్లేదు. తెర మీద బొమ్మ ఆపడం, గీత గీయడం, మళ్లీ నడపడం, గుండె ఇంకో కొట్టు కొట్టినప్పుడు ఆపడం. అలా ఎన్నిసార్లు చేసిందో నేను లెక్కపెట్టలేదు. నా కాళ్లు పీకాయి. గోడకు ఆనుకున్నాను.

అయిపోయాక మమ్మల్ని ముగ్గురినీ కూర్చోబెట్టి చెప్పింది. మా నాయనను కూడా. అంతకు ముందు ఏ డాక్టరూ ఆయనకు నేరుగా చెప్పలేదు.

"ఇ.ఎఫ్. యాభై, దాని చుట్టుపక్కల ఉండాది. నూటికి యాభై అని భయపడొద్దండి. గుండెలో నిండిన రక్తంలో ఒక్క కొట్టుకు ఎంత బయటికి తోస్తాదో ఆ లెక్క ఇది. మొత్తం తోసేసే గుండె ఎవరికీ ఉండదు. నా గుండె చూసినా అరవై, అరవై అయిదు ఉంటాదేమో."

ఓబులేసు ముందుకు వంగాడు. "మరి ఆ ముప్పై ఏంది మేడం? ఆయప్ప తప్పు చెప్పినాడా?"

"ఆ పొద్దు ఎట్లొచ్చినారు ఆసుపత్రికి?" అని అడిగింది.

చెప్పాం. మాత్రలు మానిన సంగతి, బస్సు, మెట్లు, అంతా.

ఆమె తల ఊపింది. "లయ తప్పినప్పుడు ఒక కొట్టు పెద్దగా వస్తాది, ఒకటి చిన్నగా వస్తాది. తొందరపడి వచ్చిన కొట్టుకు గుండె నిండేదానికి టైమే ఉండదు. నిండనిది ఏం తోస్తాది? ఆ కొట్టు పట్టుకుని కొలిస్తే తక్కువే కనబడతాది. పైగా రోజుల తరబడి అట్లా పరిగెత్తితే గుండె నిజంగానే అలిసి నీరసపడతాది కూడా. వేగం తగ్గితే తేరుకుంటాది. ఆ పొద్దు ఆ ముప్పై అబద్ధం కాదు. కానీ ఆ ఒక్క పొద్దు లెక్క పట్టుకుని బతుకంతా ఇంతే అనకూడదు."

"మరి ముందుదో? ఆ అరవై?" అన్నాను నేను.

"అదీ నిజమే. కానీ అది సగం సంగతి. మీ నాయన గుండె బాగానే పిండుతాది. సరిగా సడల్తాలేదు. ఏండ్లపాటు బీపీ చూసుకోక గోడలు మందంగా, గట్టిగా అయిపోయినాయి. సడలకపోతే రక్తం నిండేదానికి చోటు చాలక వెనక్కి తంతాది. ఆ నీరే ఊపిరితిత్తుల్లోకి పోతాండాది. పెద్దవాళ్లలో ఇది చానామందికి ఉంటాది. ఇ.ఎఫ్. ఒకటే చూస్తే అంతా నార్మల్ అనే వస్తాది. మనిషి మాత్రం ఎగపోస్తా ఉంటాడు."

మా నాయన అంతా విన్నాడు. "అయితే మూడు లెక్కలూ నిజమే అంటావు" అన్నాడు.

"నిజమే అజ్జా. గుండె ఒక్క తీరుగా ఉండదు గదా. ఎప్పుడు కొలిచినారు, ఎట్లా కొలిచినారు అనేది కూడా చూడల్ల."

అప్పుడు ఓబులేసు ఏడ్చాడు. పెళ్లాం బిడ్డలున్న మనిషి, డాక్టరు గదిలో, తలకు చుట్టుకున్న టవల్ తీసి ముఖం కప్పుకుని. "గొర్రెలన్నీ అమ్మేస్తిమి మేడం. పోతాడనుకొని అమ్మేస్తిమి."

ఆమె ఊరడించడానికి అబద్ధం చెప్పలేదు. "అమ్మకపోయినా మీ నాయన మునుపటి మాదిరి పొద్దంతా మంద వెంట తిరగలేడప్పా. అది నిజం. కానీ అది ఆయన్ను అడిగి నిదానంగా చేసుకోవాల్సిన పని. మీకు ఆ టైము దొరకలేదు" అంది.

మా నాయన ఓబులేసు భుజం మీద చేయి వేశాడు. "ఊరుకో రా. నువ్వేం చేస్తావు, నీకు ముప్పై అని చెప్తే" అన్నాడు.

మంచి మాట విన్నాం కదా, నాకు సంతోషం వేయాలి. వేయలేదు. బయట వరండాలో కూర్చున్నాను. నా భర్త టీ తెచ్చి ఇచ్చాడు. అది తాగకుండానే చేతిలో పెట్టుకుని నిద్రపోయాను. లేచేసరికి చల్లారిపోయింది.

ఇంటికి వచ్చాక కథ సుఖంగా ముగిసిందని చెప్పలేను. ఈ జబ్బు పోయేది కాదు. రక్తం పలచబరిచే మందు వేసుకునేవాళ్లకు మధ్యమధ్యలో రక్తపరీక్ష చేయించాలి. ఉప్పు తగ్గించాలి. ఊరగాయ లేకుండా సంగటి ఎట్లా దిగుతుందని ఆయన గొడవ. రోజూ పొద్దున బరువు చూసుకోమని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. ఒకటి రెండు రోజుల్లోనే బరువు ఎక్కువైందంటే అది తిండి కాదు, నీరు అని. మా అంగన్‌వాడీలో ఉన్నది పసిపిల్లలను వేలాడదీసి తూచే త్రాసు. అందుకని ఓబులేసు ఆయన్ను రోజూ శనక్కాయల వ్యాపారి ఇంటి ముందున్న కాటా దగ్గరికి నడిపించుకుపోయేవాడు. మూటలు తూచే కాటా మీద చొక్కా విప్పి నిలబడేవాడు మా నాయన. వ్యాపారి నవ్వుతూ, "ఏమప్పా బీరప్పన్నా, ఈ పొద్దు రేటు ఎట్లుండాది నీది?" అనేవాడు. "తేమ ఎక్కువుండాది, ఎండబెట్టల్ల" అనేవాడు మా నాయన. లాసిక్స్ గురించి ఆయనకు బాగానే అర్థమైందని నాకు అప్పుడు తెలిసింది.

మరుసటి ఏడు ఊరి జాతరలో చుట్టాలు తెచ్చిన మాంసం కూర, ఊరగాయ తిని, రెండు రోజుల్లో మళ్లీ కాళ్లు ఉబ్బాయి. కాటా ముందే చెప్పింది. జాతర హడావుడిలో మేం వినిపించుకోలేదు. ఇంకోసారి ఆసుపత్రి, ఇంకోసారి సూదులు. ఆ మంచం పక్కన కూర్చుని నేను, "ఇంక నా వల్ల కాదు నాయనా" అన్నాను. "నా వల్ల కూడా కావడం ల్యాదమ్మా" అన్నాడు ఆయన. తర్వాత లేచి మాత్రల చీటీ తీసుకుని మందుల షాపుకు పోయాను. ఈ జబ్బుతో బతకడమంటే ఎక్కువ రోజులు ఇలాగే ఉంటుంది.

ఇప్పుడు ఆయన డెబ్బై అయిదు దాటి ఉన్నాడు. మెల్లగా నడుస్తాడు, ఆగుతాడు, మళ్లీ నడుస్తాడు. ఓబులేసు నాలుగు గొర్రెలను కొని దొడ్లో కట్టేశాడు. వాటికి వేపాకు, తుమ్మకాయలు వేసేది మా నాయనే. చెరువు కట్ట దాకా కూడా పోలేడు. ఆ సంగతి ఆయనకు బాధే. పైకి అనడు. ఎవరి మందైనా వీధిలో పోతుంటే మాట ఆపేస్తాడు, అంతే.

ఆర్నెల్లకోసారి ఎకో చేయిస్తున్నాం. బెంగళూరు ప్రతిసారీ పోలేం కాబట్టి అనంతపురంలోనే, ఎప్పుడూ ఒకేచోట చేయిస్తాం. పాత రిపోర్టులన్నీ పట్టుకుపోతాం. మొన్న పోయినప్పుడు మెషిన్ దగ్గర కొత్తగా వచ్చిన టెక్నీషియన్ ఉన్నాడు. మంచివాడే. బయట జనం ఎక్కువగా ఉన్నారు. మేం మెట్లెక్కి పోగానే మా నాయన పేరు పిలిచి, చొక్కా విప్పమన్నాడు, జిగురు డబ్బా అందుకున్నాడు.

మా నాయన చొక్కా విప్పలేదు. పక్కనున్న కుర్చీలో కూర్చుని చేయి అడ్డం పెట్టాడు.

"ఒక్క రవ్వ తాళప్పా. నేనైతే కూర్చున్న్యా. అది ఇంగా మెట్లెక్కుతానే ఉండాది" అన్నాడు.

టెక్నీషియన్ ఆయన ముఖం చూశాడు, నా ముఖం చూశాడు. డబ్బా కింద పెట్టి, ఆయన నాడి పట్టుకుని, "సరే తాతా, పక్కన పడుకో. తర్వాతి వాళ్లది చేసి నీది నిదానంగా చేస్తా" అన్నాడు.

ఇది చదివేవాళ్లలో పెద్దవాళ్లను ఆసుపత్రులకు తిప్పేవాళ్లు చాలామందే ఉంటారు. నేను చెప్పగలిగేది ఒక్కటే. ఎకో రోజు డాక్టరు వద్దంటే తప్ప ఏ మాత్రా మానొద్దు. పెద్దాయనను ముందే తీసుకుపోయి కాసేపు కూర్చోబెట్టండి. లయ తప్పిన గుండె అయితే ఆ మాట కొలిచేవాళ్లకు ముందే చెప్పి, ఒక్క కొట్టు కాదు, కొన్ని కొట్లు చూసి లెక్క కట్టమని అడగండి. వచ్చిన అంకె ఏదైనా సరే, అది విన్న రోజే ఇంట్లో పెద్ద నిర్ణయం ఏదీ తీసుకోవద్దు.